ఎనిమిది రకాల గంప

భానుచందర్ నోట్లో మాట ఆగేది కాదు. పెడనలో వాళ్ళ వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా మగ్గాలే. ఆ చప్పుడులో వినబడాలంటే మాట గట్టిగా ఉండాలి, పొట్టిగా ఉండాలి. నంగినంగిగా మాట్లాడితే పక్కవాడి చెవికి కూడా ఎక్కదు. అక్కడ పుట్టిన నోరు అది.

ఆ నోటితోనే గన్నవరం దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో మూడో ఏడు పాడు చేసుకున్నాడు. లెక్చరర్ గారు బోర్డు మీద రాసిన ప్రోగ్రాంలో తప్పుందన్నాడు. తప్పుంది నిజమే. అక్కడితో కూర్చుంటే సరిపోయేది. "పుస్తకంలోంచి ఎక్కించేటప్పుడు ఒక లైను దాటేశారండి. అర్థమై రాస్తే దాటరు" అని కూడా అన్నాడు. క్లాసంతా నవ్వింది. తర్వాత ప్రిన్సిపాల్ పిలిచి సారీ చెప్పమంటే, తప్పు రాసింది ఆయనైతే సారీ నేనెందుకు చెప్పాలన్నాడు. అలా తొంభై తొమ్మిదిలో చదువు అయిపోయింది.

తండ్రి చౌడయ్య తిట్టలేదు, కొట్టలేదు. "మగ్గం గుంట ఖాళీగానే ఉంది" అన్నాడు. ఆ గుంటలో కాళ్ళు పెట్టడం ఇష్టం లేకే భానుచందర్ బెజవాడ బస్సెక్కాడు.

బెంజ్ సర్కిల్ దగ్గర టైర్ల షాపు పైన, రెండో అంతస్తులో సుబ్బరత్నం గారి ఆఫీసు ఉండేది. ఆయన అంతకు ముందు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. టైపు నేర్చుకునేవాళ్ళు కరువయ్యాక మిషన్లు అమ్మేసి, వచ్చిన డబ్బుతో సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్లు కొని, సాఫ్ట్‌వేర్ అని బోర్డు పెట్టాడు. డిగ్రీ ఉందా అని ఆయన అడగలేదు. డిగ్రీ ఉన్నవాళ్ళు ఆయన ఇచ్చే జీతానికి రారని ఆయనకీ తెలుసు.

అక్కడ పక్క కుర్చీలో హేమసుందర్ ఉండేవాడు. కైకలూరు అవతల చెరువుల ఊరు వాళ్ళది. తండ్రి లేడు. తల్లి సన్యాసమ్మ గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మి చదివించింది. నెమ్మదస్తుడు. అడిగినదానికి ఆలోచించి, గోడ వంక ఒకసారి చూసి, అప్పుడు జవాబు చెప్పేవాడు. ఆ లోపల భానుచందర్ నాలుగు జవాబులు చెప్పేసి, అందులో మూడు మార్చుకునేవాడు కూడా.

ఇద్దరికీ పొసిగింది. ఎందుకు పొసిగిందంటే చెప్పడం కష్టం. మధ్యాహ్నం హేమసుందర్ క్యారేజీ మూత తీస్తే ఎండుచేపల కూర వాసన మెట్ల దాకా పోయేది.

"ఒరే చేపలోడా, ఈ దెబ్బకి కంప్యూటర్లో బగ్గులన్నీ వాటంతటవే చస్తాయిరా" అనేవాడు భానుచందర్, ఒక ముక్క తన పళ్ళెంలోకి లాక్కుంటూ.

"నీ కోడులో ఉన్నవి చావవులే మగ్గమోడా. అవి నీ నోటికే అలవాటుపడి మొండికేశాయి."

అలా ఉండేది. చేపలోడా, మగ్గమోడా అని పిలుచుకోవడం ఇద్దరికీ ముద్దుపేర్లలాగే ఉండేది. అది సరదాగా ఉన్నన్నాళ్ళూ సరదాగానే ఉంది.

అప్పట్లో ఆఫీసుకొచ్చే పనంతా రొయ్యల కొనుగోలు సెంటర్ల పనే. చెరువులో పట్టుబడి అయ్యాక, అంటే వలేసి పట్టాక, రొయ్యలు క్రేట్లలో సెంటరుకొస్తాయి. కాటా మీద పెట్టి బరువు చూస్తారు, కౌంట్ చూస్తారు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్నది. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. కాటాకి వైరు పెట్టి కంప్యూటరుకి కలిపితే ఆ అంకెలు నేరుగా స్క్రీన్ మీదికి రావాలి. కాటా చెప్పేది చదివే వైపు హేమసుందర్ రాసేవాడు. చదివినదాన్ని చూపించి బిల్లు తయారుచేసే వైపు భానుచందర్ రాసేవాడు.

చిక్కల్లా ఏమిటంటే, ఆ వైరు మీద ఒకసారి బరువొస్తుంది, ఒకసారి కౌంటొస్తుంది, ఒకసారి రైతు పేరు, ఒకసారి తేదీ. ఏది ఎప్పుడొస్తుందో ముందు తెలియదు. దేన్నయినా పట్టే పాత్ర ఒకటి కావాలి, అయితే ఒక్కోసారి అందులో ఒకటే ఉండాలి. దానికోసమే బయటివాళ్ళెవరో వేరియంట్ అనే లైబ్రరీ, రెడీమేడ్ కోడన్నమాట, రాసి ఊరికే నెట్‌లో పెట్టారు. ఇద్దరూ నెట్ సెంటర్లో కూర్చుని దాన్ని సీడీ మీదికి ఎక్కించుకొచ్చారు. రాసిన కోడుని మిషను భాషలోకి మార్చే కంపైలర్ ఆఫీసులో పాతకాలపుది, దాన్ని మింగలేకపోయింది. స్క్రీన్ నిండా తప్పులు కక్కింది.

"మనమే రాసుకుందాంరా" అన్నాడు హేమసుందర్, గోడ వంక చూసి వచ్చాక. "ఇది మా అమ్మ రోజూ చేసే పనే. గంప ఒకటే. పొద్దున అందులో కొర్రమీను పోస్తుంది, మధ్యాహ్నం జెల్లలు పోస్తుంది. రెండూ కలిపి పొయ్యదు. లోపలేముందో గోనె తీసి చూడకుండా తెలియడానికి గంప అంచుకి ఒక చీటీ కడుతుంది. గంప, చీటీ. అంతే కదా వేరియంట్ అంటే."

దానికి గంప అనే పేరు పెట్టేశారు. కోడులో కూడా అదే పేరు.

రాయడం మాత్రం మాటల్లో చెప్పినంత తేలిక కాలేదు. కొన్ని నెలలు పట్టింది. టెంప్లేట్లనేవి జంతికల గొట్టం లాంటివి. గొట్టం ఒకటే, బిళ్ళ మారిస్తే జంతిక ఆకారం మారుతుంది. బరువుకో గంప, పేరుకో గంప విడివిడిగా రాయకుండా ఒకే గొట్టంతో అన్నీ ఒత్తించాలి. కానీ ఎన్ని రకాల బిళ్ళలున్నాయో ఆ ముసలి కంపైలర్‌కి సొంతంగా లెక్కపెట్టుకోవడం రాదు. అందుకు మాక్రోలు కావాలి. పెళ్ళిలో పురోహితుడు మంత్రం మధ్యలో ఫలానా గోత్రం అని ఉన్నచోట మన గోత్రం పెట్టి చదువుతాడే, మాక్రో చేసేదీ అదే. కంపైలర్ చదవడం మొదలుపెట్టకముందే, ఖాళీ ఉన్న ప్రతి చోటా మనం చెప్పిన మాట పెట్టేస్తుంది. అన్నిటికీ పైన ఒక చిన్న ఫైలు పెట్టి, అందులో ఒకే ఒక లైను రాశారు. గంప లిమిట్ ఎనిమిది. ఆ ఎనిమిదిని చూసుకుని కింద మాక్రోలన్నీ ఎనిమిదేసి వరసలు రాసిపెట్టేవి. గంప ఎంత పెద్దదో, చీటీ ఎక్కడ కట్టాలో ఆ లైనుతోనే తేలిపోయేది.

అది మొదటిసారి పనిచేసిన రోజు ఇద్దరూ కిందికి దిగి, సర్కిల్లో బళ్ళ మధ్య నిలబడి, పునుగులు తింటూ పిచ్చివాళ్ళలా నవ్వారు. ఎవరికి చెప్పినా అర్థం కాదు. అందుకే వాళ్ళకి ఇంకా నవ్వొచ్చింది.

"ఒక్క మాట గుర్తుపెట్టుకో" అన్నాడు హేమసుందర్ చేతులు తుడుచుకుంటూ. "ఆ లిమిట్ లైను ముట్టుకుంటే మాత్రం నీ వైపు, నా వైపు మొత్తం మొదట్నుంచి కట్టాలి. పాత ముక్క ఒక్కటి కూడా మిగలకూడదు."

"అలాగేలేరా ముసలమ్మా."

కట్టడమంటే కోడుని కంపైలర్ చేత ముక్కముక్కగా మిషను భాషలోకి మార్పించి, ఆ ముక్కల్ని లింకరు చేత కలిపించడం. మొత్తం కట్టడమంటే చిన్న పని కాదు. టెంప్లేట్లంటే ఆ పాత మిషన్లకి చచ్చేంత బరువు. కంపైల్ పెట్టి టీ తాగి వచ్చినా అయ్యేది కాదు, భోజనం చేసి వచ్చినా అయ్యేది కాదు. చివర్లో ఉండగా కరెంటు పోతే మళ్ళీ మొదటికి. భానుచందర్‌కి ఒళ్ళు మండిపోయేది. పైగా అతను పుట్టిన ఇంట్లో ఏదైనా మొదట్నుంచి మళ్ళీ మొదలుపెట్టడమనేదే లేదు.

మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవచ్చినప్పుడు నేతవాళ్ళు పాతది పూర్తిగా కోసి పారెయ్యరు. దువ్వెనలాంటి అచ్చులోంచి జానెడు పాత పోగులు వేలాడేటట్టు వదిలేస్తారు. కొత్త పడుగు తెచ్చి, ఒక్కో కొత్త పోగునీ ఒక్కో పాత పోగు కొసకి మెలిపెట్టి అతికేస్తారు. అలా అతికితే మళ్ళీ అన్ని పోగుల్నీ అచ్చు పళ్ళలోంచి ఒక్కొక్కటిగా దూర్చే పని తప్పుతుంది. వీధి మొత్తం మీద ఆ పనిలో అతని తల్లి హనుమాయమ్మని మించినవాళ్ళు లేరు. వేళ్ళకి బూడిద రాసుకుని కూర్చుందంటే, మాట్లాడుతూ, నవ్వుతూ, వీధిలో పోయేవాళ్ళని పలకరిస్తూ అతికేసేది. ఒక్క పోగు ఊడేది కాదు. భానుచందర్ ఆ వేళ్ళు చూస్తూ పెరిగాడు. పాతదానికి కొత్తది అతకడమే తెలివనీ, మొదట్నుంచి మొదలెట్టేవాడు పని రానివాడనీ ఎవరూ చెప్పకుండానే అతని ఒంట్లోకి దిగిపోయింది.

రెండువేల నాలుగు ఎండాకాలంలో కొత్త సెంటరు ఒకటి వచ్చింది. హేమసుందర్ వాళ్ళ ఊళ్ళోనే. ఆ పని తెచ్చింది అతనే. సొంత మేనమామ సూరయ్యకి అక్కడ చెరువుంది. ఊళ్ళోవాళ్ళు మొదట కంప్యూటరు కాటా అంటే నమ్మలేదు. సెంటర్లవాళ్ళు మోసం చేస్తారని వాళ్ళకి పాత అనుమానం. "ఇది మావాడు రాసిన మిషను. దీంట్లో మోసం ఉండదు" అని సూరయ్యే ఇంటింటికీ తిరిగి ఒప్పించాడు.

ఆ సెంటరువాళ్ళు కొత్త కోరికలు కోరారు. రొయ్య తీసుకోకపోతే ఎందుకు తీసుకోలేదో కూడా పడాలి. మెత్తబడిందా, తల ఊడిందా, ఇంకోటా అని. అలా పెరిగిన రకాలు ఎనిమిదిలో పట్టలేదు. భానుచందర్ ఆ చిన్న ఫైలు తెరిచి ఎనిమిది కొట్టేసి పన్నెండు పెట్టాడు.

హేమసుందర్ ఆ రోజు ఊళ్ళో వైర్లు బిగించే పనిలో ఉన్నాడు. ఆఫీసులో పొద్దుట్నుంచీ కరెంటు వస్తూ పోతూ ఉంది. భానుచందర్ ఒకసారి మొత్తం కట్టడం మొదలుపెట్టాడు. పోయింది. రెండోసారి పెట్టాడు. సగంలో పోయింది. మూడోసారి తన వైపు మాత్రమే కొత్తగా కట్టుకుని, హేమసుందర్ వైపు కట్టిపెట్టి ఉన్న పాత ముక్కల్ని దానికి అతికేశాడు. పాత రకాలు ఎనిమిదీ వాటి వరసలో అవి అలాగే ఉన్నాయి కదా, కొత్తవి చివర చేరాయంతే, ఏం పోయింది అనుకున్నాడు. అతుకు పడింది. టేబుల్ మీద చిన్న కాటా పెట్టి చూస్తే బరువు చక్కగా వచ్చింది.

సాయంత్రం హేమసుందర్ ఫోన్ చేశాడు. "లిమిట్ పెంచావంటగా. మొత్తం కట్టావా?"

"కట్టాలే" అన్నాడు భానుచందర్.

అబద్ధం చెబుతున్నానని అతనికి తోచలేదు. అతని లెక్కలో అతకడం కూడా కట్టడమే.

పట్టుబడి రోజు ఇద్దరూ అక్కడే ఉన్నారు. రేకుల షెడ్డు కింద రొయ్యలు ఏరే ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు, వాళ్ళలో సన్యాసమ్మ కూడా ఉంది. మొదటి క్రేట్లు బాగానే తూగాయి. సూరయ్య చెరువు సరుకు రావడంతో తిరగబడింది. పెద్ద రొయ్య, చూస్తేనే తెలుస్తుంది, స్క్రీన్ మీద మాత్రం పిల్ల రొయ్య కౌంట్ పడింది. మళ్ళీ పెట్టారు. ఈసారి వేరే రైతు అంకె ఇతని పేరు కింద పడింది. మళ్ళీ పెట్టారు. బరువు పడాల్సిన చోట కౌంట్ పడింది.

"ఇదేంట్రా హేమా?" అన్నాడు సూరయ్య, మొదట నవ్వుతూనే.

తర్వాత నవ్వలేదు. వెనక లైన్లో ఉన్న రైతులు ముందుకు తోసుకొచ్చారు. పాత అనుమానమంతా ఒక్కసారి పైకి లేచింది. మేనల్లుణ్ణి అడ్డం పెట్టుకుని ఊరిని ముంచుతున్నావని ఒకడు సూరయ్యనే అన్నాడు. మోసం చేస్తే నా సరుక్కే చేసుకుంటానా అని ఆయన అరిచాడు. సెంటరు మేనేజరు తూకం ఆపేశాడు. ఐసు కరిగి షెడ్డంతా నీళ్ళయింది. ఎండ రేకుల మీద కూర్చుంది. హేమసుందర్ చెమటలు కక్కుతూ తన కోడంతా ఒక్కో లైనూ చూస్తున్నాడు. ఎక్కడా తప్పు కనబడలేదు. అతని కోడులో తప్పు లేదు, ఎలా కనబడుతుంది?

"భానూ, మొత్తం కట్టావా? పాత ముక్కేమైనా మిగిలిందా?" అన్నాడు మళ్ళీ.

చుట్టూ జనం. మేనేజరు తన వైపే చూస్తున్నాడు. భానుచందర్‌కి తిక్క నెత్తికెక్కింది.

"నా వైపు చూస్తావేంట్రా! స్క్రీన్ నాది, కాటా నీది. కాటా చదివేది నువ్వు. కాటా కొట్టడం మీ చేపలోళ్ళకి కొత్తా ఏంటి?"

అది ఆఫీసులో, క్యారేజీ ముందు అన్న మాట అయితే హేమసుందర్ తిరిగి ఇంకోటి అనేవాడు. ఇది ఊరి ముందు అన్న మాట. సూరయ్య తల దించుకున్నాడు. సన్యాసమ్మ చేతిలో రొయ్య చేతిలోనే ఉండిపోయింది. హేమసుందర్ లేచి, కాటా నుంచి కంప్యూటరుకి వచ్చే వైరు పీకి, చుట్టగా చుట్టి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

అందరి సరుకూ చేతి లెక్క మీద ఎత్తేసరికి సూరయ్య రొయ్య మెత్తబడింది. సెంటరు తీసుకోలేదు. ఊరు మాత్రం ఒకటే మాట పట్టుకుంది. హేమసుందర్ కాటాలో ఏదో పెట్టాడు, వాడితో పనిచేసేవాడే నలుగురిలో ఒప్పుకున్నాడు.

ఆఫీసుకి హేమసుందర్ మళ్ళీ రాలేదు.

వానలు మొదలయ్యాక ఆఫీసులో భానుచందర్ మిషను హార్డ్ డిస్కు చచ్చిపోయింది. కట్టిపెట్టుకున్న ముక్కలన్నీ దాంతోపాటే పోయాయి. రాసిన కోడు సీడీ మీద ఉంది కాబట్టి బతికింది. కొత్త డిస్కు పెట్టి, ఇక గత్యంతరం లేక, ఇద్దరి వైపులా మొత్తం మొదట్నుంచి కట్టించాడు. హేమసుందర్ కోడులో ఒక్క అక్షరం ముట్టుకోలేదు. అయ్యాక కాటా పెట్టి చూశాడు. బరువు బరువుగా పడింది. కౌంట్ కౌంట్‌గా పడింది. ఎన్ని క్రేట్ల లెక్క కలిపి కొట్టినా తప్పు రాలేదు.

కుర్చీలో అలాగే కూర్చుండిపోయాడు. లిమిట్ పెరిగితే గంప పొడుగు పెరిగింది, చీటీ కట్టే చోటు జరిగింది. హేమసుందర్ వైపు పాత ముక్కలకి ఆ సంగతి తెలియదు. అవి ఎనిమిది రకాల గంపనే పట్టుకుని, చీటీ పాత చోటే కట్టి పంపాయి. తన కొత్త ముక్కలు ఇంకా అవతల, కొత్త చోటులో చీటీ వెతికాయి. అక్కడ అంతకు ముందు గంపలోంచి మిగిలిపోయిన చెత్త ఏదుంటే దాన్నే చీటీ అనుకున్నాయి. టేబుల్ మీద ఒక్కో బరువూ పెట్టి చూసినప్పుడు ఆ చోటు ఖాళీగా ఉంది కాబట్టి గట్టెక్కింది. అంతే.

అతకడం తప్పు కాదు. పాత పడుక్కీ కొత్త పడుక్కీ పోగుల లెక్క ఒకటే అయినప్పుడే అతుకుతారని పెడనలో పాకే పిల్లకి కూడా తెలుసు. అతనికీ తెలుసు. తెలిసీ ఆ రోజు లెక్క చూడలేదు.

మర్నాడే పామర్రు మీదుగా గుడివాడ, అక్కణ్ణుంచి కైకలూరు బస్సెక్కాడు. హేమసుందర్ ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడని ఎవరో చెప్పారు. గోనె భుజానేసుకుని దిమ్మలు లారీలోకి తోయిస్తున్నాడు. భానుచందర్‌ని చూసి పని ఆపలేదు.

"లిమిట్ పెంచినప్పుడు నీ వైపు పాత ముక్కలే అతికేశాన్రా" అన్నాడు భానుచందర్, ఎక్కడా ఆగకుండా.

హేమసుందర్ చెయ్యి ఆగింది. గోడ వంక చూశాడు.

"ఎంతకి పెంచావ్?"

"పన్నెండు."

"ఎనిమిది పన్నెండైంది కాబట్టి గంప పొడుగు మారింది. చీటీ జరిగింది." హేమసుందర్ కళ్ళు మెరిశాయి. "నా వైపు పాత చోటే కట్టింది. అందుకనా, మొదటి క్రేట్లు సరిగ్గా పడ్డాయి! చెత్త చేరేదాకా పడతాయి. అబ్బ, ఏం బగ్గురా ఇది!"

"ఎర్రర్ కూడా ఇవ్వదురా. లింకరు నోరు మూసుకుని కలిపేసింది."

"ఇవ్వదు. పేర్లొకటే కదా, దానికేం తెలుసు?"

ఒక్క క్షణం బెంజ్ సర్కిల్లో పునుగులు తింటున్న ఇద్దరే అక్కడ ఉన్నారు. ఆ తర్వాత లారీవాడు హారన్ కొట్టాడు. హేమసుందర్ మొహం మళ్ళీ మామూలైపోయింది.

"రెండుసార్లు అడిగాన్రా నిన్ను. మొత్తం కట్టావా అని."

"అడిగావు."

"సరే. కోడుదేముంది, మళ్ళీ కడితే పోయింది." భుజం మీద గోనె సరిచేసుకున్నాడు. "ఆ మాట అన్న చోటుకొచ్చి ఈ మాట కూడా చెప్పు. పట్టుబడి రోజు, షెడ్డులో, మా మావయ్య ముందు, అందరి ముందు. నన్ను ఉద్యోగంలోకి రమ్మని అడగొద్దు. అది చెప్పి వెళ్ళు చాలు. మా అమ్మ ఆ ఊళ్ళో తక్కెడ పట్టుకుని బతకాలి."

"వస్తాన్రా. వచ్చే పట్టుబడికే వస్తాను."

నిజంగానే వద్దామనుకున్నాడు. ఆఫీసులో సుబ్బరత్నం గారికి సంగతి చెప్పాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"చెప్పాలయ్యా, కాదనను. కానీ భానూ, తప్పు మన ఆఫీసుదని మనమే వెళ్ళి చాటింపేస్తే మిగతా సెంటర్లవాళ్ళు ఊరుకుంటారా? ఈ సీజను గడవనీ. తర్వాత నేనే కారు మాట్లాడి తీసుకెళ్తాను."

లెక్చరరని చూడకుండా, ప్రిన్సిపాలని చూడకుండా మాట అనేసినవాడు. ప్రాణ స్నేహితుణ్ణి ఊరి మధ్యలో కడిగేసినవాడు. ఆ రోజు సుబ్బరత్నం గారి ముందు "సరేనండి" అన్నాడు. ఎందుకన్నాడో తర్వాత ఎన్నిసార్లు తవ్వుకున్నా అతనికే దొరకలేదు. ఉద్యోగం పోతుందన్న భయం కొంత. కానీ అసలు భయం ఆ షెడ్డు. నోటికొచ్చింది అనెయ్యడం ఒక ఎత్తు, తప్పు నాదని నలుగురి మొహాలు చూస్తూ చెప్పడం ఇంకో ఎత్తు. మొదటిదాన్నే అతను జీవితమంతా ధైర్యం అనుకున్నాడు.

సీజను గడిచింది. ఇంకోటొచ్చింది. హేమసుందర్ ఒకసారి ఫోన్ చేసి, "పట్టుబడి ఎల్లుండి" అని మాత్రం చెప్పి పెట్టేశాడు. ఆ ఎల్లుండి భానుచందర్ జ్వరమని ఇంట్లో పడుకున్నాడు. ఒళ్ళు వెచ్చగా లేదు. మళ్ళీ ఫోన్ రాలేదు.

రెండువేల ఆరులో సుబ్బరత్నం గారు ఆఫీసు మూసేశారు. చెరువులకి తెల్లమచ్చ తెగులు తగిలి, సెంటర్లు ఒక్కొక్కటే ఎత్తేస్తుంటే కాటాలకి ప్రోగ్రాంలు ఎవరికి కావాలి? ఆపడానికి ఇక ఎవరూ లేరనిపించాక భానుచందర్ మళ్ళీ ఆ బస్సులన్నీ ఎక్కి ఆ ఊరు వెళ్ళాడు.

రేకుల షెడ్డు ఉంది. లోపల ఎవరి గేదెలో కట్టేసి ఉన్నాయి. సూరయ్య చెరువు గట్టు మీద దొరికాడు. చెరువులో రొయ్య లేదు, చేప పోశాడు. ఆయనతో పాటు ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. భానుచందర్ నిలబడే మొత్తం చెప్పాడు. లిమిట్ చెప్పాడు, గంప చెప్పాడు, చీటీ చెప్పాడు. వాళ్ళు ఓపిగ్గా విన్నారు.

"అయితే మిషను తప్పా, మావాడి తప్పా?" అన్నాడు సూరయ్య.

"నా తప్పండి."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదయ్యా. ఆ రోజు బాగా గట్టిగానే మాట్లాడావుగా." కోపంగా అనలేదు. బీడీ వెలిగించుకున్నాడు. "ఇప్పుడు రొయ్యా లేదు, సెంటరా లేదు. విన్నవాళ్ళు ఎటెటో పోయారు. మావాడు గుజరాత్‌లో, వెరావల్‌లో కోల్డ్ స్టోరేజీలో ఉన్నాడు. బాగానే ఉన్నాడులే. ఇటు రాడు."

కైకలూరు వెళ్ళే రోడ్డు మలుపులో, గంప ముందు పెట్టుకుని సన్యాసమ్మ కూర్చుని ఉంది. గుర్తుపట్టింది. పేరు పెట్టి పిలవలేదు.

"నీకు చెప్పాలని వచ్చానమ్మా" అన్నాడు భానుచందర్. అంతా మళ్ళీ చెప్పాడు. ఈసారి గంపలూ చీటీలూ లేకుండా, తప్పు నాదనే ముక్క ఒక్కటే.

ఆమె ఈగలు తోలుకుంటూ విన్నది.

"వాడు ఆదివారం ఫోన్ చేస్తాడు బాబూ. చెప్తాలే." గంప మీద గోనె సర్ది అడిగింది. "తప్పు నీదని చెప్తాను. ఆ రెండో మాట కూడా వెనక్కి తీసుకున్నావని చెప్పమంటావా?"

అతను తల ఊపాడు. ఏం చెయ్యాలో తెలియక, చేతులు ఊరికే ఉండలేక, "కిలో కొర్రమీను ఇవ్వమ్మా" అన్నాడు.

సన్యాసమ్మ చేప తీసి తక్కెడలో వేసింది. రాయి వేసింది. రోజూ అయితే మెడ దగ్గరికి ఎత్తి, చూసీ చూడనట్టు దించేసే తక్కెడ అది. అలా చెయ్యలేదు. మోకాళ్ళ మీద లేచి, తక్కెడని అతని కళ్ళకి ఎదురుగా ఎత్తి పట్టుకుంది. రెండు పళ్ళేలూ ఊగి ఊగి నెమ్మదించేదాకా, ముల్లు కదలకుండా నిలిచేదాకా చెయ్యి దించలేదు.

"చూసుకో బాబూ. సరిగ్గా ఉందా?"

"ఉందమ్మా."

"బాగా చూసుకో."

చూశాడు. చూడక తప్పలేదు. చేప వైపు పళ్ళెం కొంచెం కిందికే ఉంది.

గుడివాడ బస్సులో ఆ చేపని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కసీటాయన వాసనకి ముక్కు మూసుకుని లేచి వేరేచోటికి వెళ్ళాడు. ఈ దెబ్బకి బగ్గులన్నీ చస్తాయని అందామంటే పక్కన ఎవరూ లేరు.